మూయని విండో

సన్యాసిరాజు తన కోడలి గురించి మొదలుపెట్టాడంటే ఎదుటివాడి చేతిలో టీ చల్లారిపోవాల్సిందే. కొడుకు పెళ్ళైన కొత్తల్లో "మా కోడలిది కంప్యూటర్ ఉద్యోగం" అని ఊరుకునేవాడు. కొన్నాళ్ళకి అది "మా కోడలు ప్రోగ్రాములు రాత్తాది" అయింది. ఈ వానాకాలం వచ్చేసరికి "మా కోడలు రాసినదాంతోనే మన యార్డు నడవబోతన్నాది, సూత్తుండండి" దాకా పోయింది. దువ్వాడ స్టేషను దగ్గర టిఫిన్ బండివాడితో మొదలుపెట్టి యార్డు గేటు దగ్గర సెక్యూరిటీ వరకూ ఆ మాట వినని మనిషి లేడు. వినీ వినీ విసిగిపోయిన తోటి ఉద్యోగి తిరుమలరావు ఒకనాడు "బావా, నీ కోడల్ని సూడకుండానే నాకావిడ జాతకం మొత్తం వచ్చీసింది, ఇంక వొగ్గీ" అన్నాడు. సన్యాసిరాజుకి అది కూడా పొగడ్తలాగే వినిపించింది. అదీ ఆయన వరస.

గొప్పల సంగతి అలా ఉంచితే, మనిషి పనిలో గట్టివాడు. హార్బరు పక్కన ఓడల్లోకి ఇనుపఖనిజం ఎక్కించే ఒక ప్రైవేటు యార్డులో కంట్రోల్ రూం షిఫ్ట్ ఇన్‌ఛార్జి. గూడ్సు బళ్ళలో వచ్చిన ఖనిజం యార్డులో కొండల్లాగా కుప్పలుపోసి ఉంటుంది. ఏ కుప్పలోంచి ఎంత తీసి బెల్టు మీద వెయ్యాలో కంప్యూటరు అంకెలిస్తుంది. ఆ అంకెల్ని వాకీటాకీలో కిందికి చెప్పి, ఓడ నిండేదాకా బెల్టుల్ని నడిపించడం ఇన్‌ఛార్జి పని. సన్యాసిరాజు చేతి తప్పు వల్ల బెల్టు ఆగిందన్న మాట ఇంతవరకూ ఎవరినోటా రాలేదు. కోడలు ఇంటికి రాకముందు ఆయన ఎక్కువగా చెప్పుకున్న గొప్ప అదే.

ఆ కంట్రోల్ రూముకి ఒక ఆచారం ఉంది. కంప్యూటరు తెర మీద నల్లటి విండో ఒకటి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. యార్డు వాళ్ళు కొట్టే పేర్లన్నీ అందులోనే కొడతారు. పేరు కొట్టి ఎంటర్ నొక్కితే ఆ విండో వెళ్ళి ఆ పేరుగల ప్రోగ్రాముని లేపి పనిచేయిస్తుంది. షిఫ్టు దిగేవాడు లేస్తాడు, ఎక్కేవాడు అదే వేడి కుర్చీలో కూర్చుని అదే విండోలో పని అందుకుంటాడు. విండోని మాత్రం ఎవరూ మూయరు. వాళ్ళలో చాలామంది తండ్రులు, మావలు స్టీల్‌ప్లాంటులో ఫర్నేసు దగ్గర చేసినవాళ్ళు. ఒకసారి వెలిగించిన ఫర్నేసుని ఆర్పకూడదన్న బుద్ధి రక్తంలో ఉంది, అదే ఇక్కడికీ వచ్చింది. కిందటేడు తుఫానుకి అద్దాలు పగిలి, రెండు రోజులు కరెంటు లేక, మళ్ళీ వచ్చాక తెరిచిన విండో అది. కొత్తగా చేరినవాళ్ళకి దాన్ని చూపించి "తుఫాను తర్వాత మూయనేదు" అని చెప్పుకోవడం వాళ్ళకో మురిపెం.

ఇక యార్డుకి అసలు శత్రువు వాన. తడిసిన ఖనిజం బెల్టు చివర ఇనుప గొట్టంలోకి పడేచోట బురదలాగా కూరుకుపోతుంది. అప్పుడు బెల్టు ఆపాలి, మనుషులు దిగాలి, గునపాలతో పెళ్ళగించాలి. అక్కడ దిగినవాడు పైకొచ్చాక కళ్ళు తప్ప మనిషి కనిపించడు. కుప్ప పొడిగా ఉందా తడిగా ఉందా అన్నది పాత ప్రోగ్రాముకి పట్టదు. దాని పేరు కూడా కుప్పే. ఎండలో ఎంత తియ్యమంటుందో వానలోనూ అంతే తియ్యమంటుంది.

దానికి బదులు కొత్తది రాసే పని మధురవాడలో ఒక కంపెనీకి వచ్చింది. ఆ కంపెనీలో ఆ పని జ్యోతిర్మయికి వచ్చింది. జ్యోతిర్మయి అంటే సన్యాసిరాజు కోడలు. గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్ళ పిల్ల. మాటకి ముందొక అండి, వెనకొక అండి. రోజూ ఊరు ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చి, భోజనాల దగ్గర మావగారిని కూర్చోబెట్టి అడిగేది. ఏ కుప్ప నీరు పట్టేస్తుంది, ఏ కుప్ప తొందరగా ఆరుతుంది, వాన ఎంత పడితే గొట్టం మూసుకుంటుంది, అన్నీను. సన్యాసిరాజు చారన్నం చల్లారబెట్టుకుని మరీ చెప్పేవాడు. "డ్రైనుపక్క కుప్పని నమ్మకు తల్లీ, పైకి ఎండినట్టుంటాది, లోపల సెరువే" అనేవాడు. ఆయన చెప్పిన ప్రతి మాటకీ ప్రోగ్రాములో చోటిచ్చింది ఆ పిల్ల. పేరు చివర రెండంకె తగిలించి కుప్ప2 అని పెట్టింది. మీటింగు రూములో చూపించినరోజు యార్డు మేనేజరు గురునాథరావు సైతం తల ఊపాడు. ఆయన తల ఊపడం యార్డులో అరుదుగా జరిగే విషయం.

ఆ సాయంత్రం సన్యాసిరాజు స్వీటు పొట్లంతో ఇంటికొచ్చాడు.

పరీక్షకి ఒక ఓడ ఇచ్చారు. ఓడ నిండేలోగా కొత్త ప్రోగ్రాము తన సత్తా చూపించాలి. దానికి తగ్గట్టే వాయుగుండం పట్టుకుని వాన మొదలైంది. సన్యాసిరాజు తన షిఫ్టులో కోడలి ప్రోగ్రాము పేరు తనచేత్తో కొట్టి, వచ్చిన అంకెలు గొంతెత్తి కిందికి చెప్పాడు. కాసేపటికి గొట్టం మూసుకుపోయింది. సరే మొదటిరోజు కదా అనుకున్నారు. తర్వాతి షిఫ్టులో తిరుమలరావు కొట్టాడు. మళ్ళీ మూసుకుపోయింది. ఎవరో పాత కాగితాలు తీసి పోల్చి చూస్తే తేలిందేమిటంటే, కొత్తది ఇచ్చిన అంకెలకీ పాతది ఇచ్చే అంకెలకీ వెంట్రుకవాసి తేడా లేదు. కుప్ప తడిస్తే ఎంత, ఎండితే ఎంత, అవే అంకెలు.

ఇంకేముంది, గొణుగుడు మొదలైంది. మావగారి సిఫార్సు అన్నాడు ఒకడు. పాతదానికే కొత్త పేరు పెట్టి తెచ్చేశారన్నాడు ఇంకొకడు. గునపం పట్టుకుని గొట్టంలోకి దిగినవాళ్ళకి ఆ మాత్రం అనే హక్కు ఉంది, కాదనలేం. సన్యాసిరాజు క్యాంటీనుకి వెళ్ళడం మానేశాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర జ్యోతిర్మయి కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంది. తన లాప్‌టాప్‌లో, తన ఆఫీసులో, మేనేజరు గదిలో, ఎక్కడ నడిపినా ప్రోగ్రాము ఠంచనుగా పనిచేస్తోంది. కంట్రోల్ రూములో మాత్రమే మొరాయిస్తోంది.

"మావయ్యగారూ, ఏమనుకోకండి. కొత్త పేరే కొడుతున్నారు కదండి?" అంది.

సన్యాసిరాజుకి చివుక్కుమంది. "కుప్ప, దాని పక్కన రెండంకె. కళ్ళు పెట్టి సూసుకునే కొడతన్నాను. తిరుమలరావూ అంతే. అంత తెలీదేటి మాకు?"

"ఆ పిల్ల అడిగిందానికి అంత గట్టిగా చెప్పాలా?" అంది ఆయన భార్య ఆదిలక్ష్మమ్మ, పెరుగు వడ్డిస్తూ.

"గట్టిగా ఎక్కడన్నాను? ఉన్నమాట సెప్పినాను."

ఆయన చెప్పింది నిజమే. పేరు సరిగ్గానే కొడుతున్నాడు. అందుకే ఆ రాత్రి ఆయనకి ఇంకో ఆలోచన వచ్చింది. ఒకవేళ కోడలు రాసిందాంట్లోనే లోపం ఉందేమో. ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే సిగ్గేసింది. ఇన్నాళ్ళూ నలుగురికీ చాటింపేసినవాడివి, తీరా కష్టమొచ్చేసరికి నువ్వే అనుమానపడతావా అని తనని తనే తిట్టుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు గురునాథరావు కబురంపాడు. కోడల్ని యార్డుకే రమ్మన్నాడు. కంట్రోల్ రూములో అందరి ఎదుటా నిలబడి, ఆయన తన కృష్ణాజిల్లా నిదానంతో ఒక్కొక్క మాటే అన్నాడు.

"చూడండి మేడం, మీది మీటింగు రూములో గుర్రంలా పరిగెత్తింది. యార్డులోకి తెస్తే కదలట్లేదు. పొద్దుటి షిఫ్టు దిగేలోగా కారణం చెప్పండి. చెప్పలేకపోతే మీదాన్ని తీసేసి పాతదే ఉంచుకుంటాను. నా మనుషుల్ని మాటిమాటికీ గొట్టంలోకి దింపలేను."

"సరేనండి," అంది జ్యోతిర్మయి. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు. గేటు దగ్గరిచ్చిన నారింజరంగు సేఫ్టీ జాకెట్టు ఆ పిల్లకి రెండింతలుంది. హెల్మెట్టు కళ్ళమీదకి జారుతోంది. సన్యాసిరాజుకి వెళ్ళి దాన్ని సరిచెయ్యాలనిపించింది. కానీ గేటు దాటాక చుట్టరికం వద్దని తనే షరతు పెట్టాడు, అందుకని బిగదీసుకుని "రండి మేడం, ఇలా కూర్చోండి" అన్నాడు. మూల నించున్న ఎలక్ట్రీషియన్ నవ్వు దాచుకున్నాడు.

ఆ పిల్ల కూర్చోలేదు. తెర వంక కాసేపు చూసి, "సార్, ఈ విండో ఒకసారి మూసి మళ్ళీ తెరుద్దామండి" అంది.

గదిలో ఉన్నవాళ్ళు పనులాపి చూశారు. సన్యాసిరాజు రెండు చేతులూ కీబోర్డు మీద అడ్డంపెట్టాడు.

"మేడం, ఇంకేదైనా సెప్పండి, సేత్తాను. ఈ విండో మూయడం మాత్రం మా ఇంటావంటా నేదు. తుఫాను తర్వాత తెరిచింది. మూడు షిఫ్టుల మనుషులు ఒకరి సేతిలోంచి ఒకరు అందుకున్నారు. నా సేత్తో మూసినానన్న మాట నాకొద్దు."

వేరే ఎవరైనా అయితే "ఇదేం చాదస్తం" అని ఉండేవారు. అనాల్సిందే కూడా. అక్కడ ఆ పిల్ల పని పోయేలా ఉంటే ఈయన గారికి విండో మీద పట్టింపు. కానీ జ్యోతిర్మయి మావగారి మొహంలోకి చూసి, అది వట్టి మొండితనం కాదని గ్రహించింది. తుఫాను తర్వాత తెరిచింది అన్నమాట దగ్గర కాసేపు ఆగింది.

"తుఫాను తర్వాత ఒక్కసారి కూడా మూయలేదాండి?"

"ఒక్కసారీ నేదు."

"అయితే మూయొద్దులెండి. మీరు రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండి, నేను పక్కన నించుని చూస్తాను."

సన్యాసిరాజు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. పేరు కొట్టాడు, టకటకా వేళ్ళు కదిలాయి, అంకెలు జలజలా దిగాయి. పాత అంకెలే.

"ఇంకోసారండి."

ఇంకోసారి కొట్టాడు. అవే అంకెలు. జ్యోతిర్మయి ఈసారి తెరని చూడలేదు, ఆయన వేళ్ళని చూసింది. కుప్ప2 అన్న మాటకీ ఎంటర్‌కీ కావలసిన వాటికంటే ఒక నొక్కుడు ఎక్కువ వినిపించింది.

"సార్, ఈసారి పేరు కొట్టి, ఎంటర్ నొక్కి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టేసుకోండి. ఇంకేమీ ముట్టుకోవద్దండి."

"నాను ఇంకేటి ముట్టుకుంతన్నాను?" అన్నాడు గాని, చెప్పినట్టే చేశాడు. పేరు, ఎంటర్. చేతులు ఒళ్ళోకి తెచ్చుకోబోతే కుడిచేతి చూపుడువేలు తనంతట తనే మళ్ళీ కీబోర్డు మీదకి లేచింది. బలవంతాన దించుకున్నాడు.

అంకెలు రాలేదు. తెరమీద ఒక లైను నిలబడి ఉంది. దాని చివర గీత మిణుకుమిణుకుమంటోంది.

"ఇదేంటండి?" అంది జ్యోతిర్మయి.

సన్యాసిరాజు కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "అదా. అది ఎప్పుడూ అడుగుతాది మేడం. వై కొడితే పోతాది. మాకు పని నేర్పినోళ్ళు అలాగే నేర్పినారు."

నిజంగానే అలాగే నేర్పారు. గ్లౌజుల చేతులు, ఎర్రదుమ్ము పట్టిన వేళ్ళు. ఒక అక్షరం అటో ఇటో పడిపోయేది. అది చూసి ఎప్పుడో ఒక ఇంజనీరు ఆ విండోకి ఒక సదుపాయం చేసిపెట్టాడు. తనకి తెలియని పేరు కొడితే, దానికి దగ్గరగా ఉన్న తెలిసిన పేరు చూపించి, మీరు అనబోయింది ఇదేనా అని అడుగుతుంది. వై అంటే అవును. తప్పు కొట్టిన ప్రతిసారీ అది సరిగ్గానే పట్టుకునేది, వీళ్ళు అవుననేవారు. అనగా అనగా చదవడం మానేశారు. ఎంటర్ వెంటనే వై అన్నది బండి గేరు మార్చినట్టు చేతికే వచ్చేసింది. కొత్తవాళ్ళకి నేర్పేటప్పుడు కూడా "పేరు కొట్టు, ఎంటర్ కొట్టు, వై కొట్టు" అని మూడూ కలిపే నేర్పేవారు.

జ్యోతిర్మయి ఆ లైను నెమ్మదిగా తెలుగులో చదివింది. "మీరు అనబోయింది కుప్పేనా, అని అడుగుతోందండి. రెండంకె లేని కుప్ప. పాతది."

సన్యాసిరాజుకి మొదట అర్థం కాలేదు. తర్వాత మెల్లగా చెవులు వేడెక్కాయి. తను కొత్తది కావాలని అడుగుతున్నాడు, విండో పాతదేనా అంటోంది, తను అవునంటున్నాడు. పొద్దున్నుంచీ కాదు, వాన మొదలైన దగ్గర్నుంచీ.

"మరి దీనికి కొత్తది ఎందుకు తెలీదు? యార్డంతటికీ తెలుసే" అన్నాడు, గొంతు తగ్గించి.

ఆ పిల్ల కూడా గొంతు తగ్గించింది. "మా ఆఫీసు దగ్గర అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ఉన్నాడండి. ఉద్యోగంలో చేరినరోజు మెట్లన్నీ ఎక్కి ఎవరు ఏ ఫ్లాటో బట్టీ పట్టేశాడు. అప్పట్నుంచీ మళ్ళీ మెట్లెక్కడు, జ్ఞాపకం మీద చెప్పేస్తాడు. అందుకే చిటికెలో చెబుతాడు. తర్వాత అద్దెకి దిగినవాళ్ళ పేరు అడిగితే మాత్రం, అలాంటివాళ్ళు లేరండి, ఫలానావాళ్ళేమో అంటాడు. ఈ విండో కూడా అంతేనండి. తెరిచినప్పుడు ప్రోగ్రాములుండే చోట్లన్నీ ఒకసారి తిరిగి, ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటుంది. నా ప్రోగ్రాము దిగింది మొన్న. ఇది తెరిచింది కిందటేడు తుఫాను తర్వాత. నాదగ్గర ఎప్పటికప్పుడు కొత్త విండో తెరుస్తాను కనక నాకు తెలియలేదు. నేనూ అడగాల్సింది."

"మరి మూసి తెరవాల్సిందేనా?" సన్యాసిరాజు చెయ్యి మళ్ళీ కీబోర్డుకి అడ్డం వెళ్ళింది.

"అక్కర్లేదండి. మళ్ళీ ఒకసారి తిరిగి చూసి రమ్మని చెబితే చాలు. అందుకు ఒక మాట ఉంది." ముందుకి వంగి, విండో అడిగినదానికి కాదని జవాబిచ్చి, రీహ్యాష్ అన్న ఒక్క మాట కొట్టింది. తెర ఏమీ అనలేదు. "ఇప్పుడు కొట్టండి."

సన్యాసిరాజు కొట్టాడు. ఎంటర్ నొక్కి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఈసారి విండో ఏమీ అడగలేదు. అంకెలు దిగాయి. డ్రైనుపక్క కుప్పకి ఎదురుగా ఉండే అంకె సగానికి సగం పడిపోయింది, ఎత్తుమీది పొడి కుప్పది పెరిగింది. ఇన్నాళ్ళూ భోజనాల దగ్గర తను చెప్పిన మాటలన్నీ అంకెలై ఎదురుగా నించున్నాయి. ఆయన వాటిని ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు. అప్పుడు వాకీటాకీ ఎత్తి కిందికి చెప్పాడు.

వాన తగ్గలేదు. డాల్ఫిన్ నోస్ కొండ మబ్బులో కలిసిపోయింది. బెల్టు నడుస్తూనే ఉంది. కాసేపటికి కిందినుంచి ఒకడు "సార్, ఏటి సేసినారు, సరుకు సాఫీగా పడతన్నాది" అన్నాడు. సన్యాసిరాజు కోడలి వంక చూస్తే ఆ పిల్ల హెల్మెట్టు తీసి ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి బెల్టునే చూస్తోంది. ఆ మొహంలో సంతోషం కన్నా అలసటే ఎక్కువ కనిపించింది.

షిఫ్టు దిగే వేళకి గురునాథరావు మెట్లెక్కి వచ్చాడు. షిఫ్టు ఎక్కడానికి తిరుమలరావు వచ్చాడు. అతని వెనక కింద బెల్టు దగ్గర చేసేవాళ్ళు కూడా నలుగురైదుగురు సంగతేమిటో చూద్దామని గుమ్మంలో చేరారు.

"గొట్టం మూసుకోలేదు. బాగుంది. కారణం?" అన్నాడు మేనేజరు.

జ్యోతిర్మయి లేచి నించుంది. "ప్రోగ్రాములో ఏమీ మార్చలేదండి. విండో పాతది. అది కొత్తదాన్ని గుర్తుపట్టలేదు. ఇప్పుడు గుర్తుపడుతోంది."

"గుర్తుపట్టకపోతే అసలు నడవకూడదు కదా? ఏదో ఒకటి నడిచింది, అంకెలిచ్చింది. అదెలా?"

ఆ పిల్ల తడబడింది. "అది... విండో పాతది కావడం వల్లేనండి."

"మేడం, రేపు మళ్ళీ పాతబడితే? కారణం సగం చెబితే నాకు కుదరదు. పూర్తిగా తెలియని పనిని నా యార్డులో ఉంచను. ఇంతకన్నా మీరు చెప్పగలిగింది లేకపోతే, ఏమీ అనుకోకండి, పాతదానికే వెళ్ళిపోతాం."

జ్యోతిర్మయి తల వంచుకుని హెల్మెట్టు పట్టీ సర్దుకుంటోంది.

అప్పుడు అర్థమైంది సన్యాసిరాజుకి. పూర్తి కారణం ఆ పిల్లకి తెలుసు. చెప్పాలంటే, మా మావగారు చదవకుండా అవునన్నారు అని ఇంతమంది ముందు చెప్పాలి. చెప్పదు. ఎన్నాళ్ళు కష్టపడి రాసిందో దాన్ని ఇక్కడే వదిలేసి, సగం కారణం చెప్పినదన్న పేరు మోసుకుని మధురవాడ వెళ్ళిపోతుంది గాని, ఆ మాట మాత్రం అనదు. మావగారి పేరు కాపాడటానికి ఆ పిల్ల తన పేరు పోగొట్టుకుంటోంది. సన్యాసిరాజుకి కోపమొచ్చింది. ఆ కోపం ఆ పిల్ల మీదా, తనమీదా, ఇన్నాళ్ళూ మోసిన ఆ గొప్ప మీదా కలగలిపి వచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాటిమీదా కోపమొచ్చింది.

షిఫ్టు అప్పగించేటప్పుడు దిగేవాడు లేచి నిలబడి, తన షిఫ్టులో జరిగిందంతా ఎక్కేవాడికి పైకి చెప్పాలి. అక్కడ చెప్పిన మాటకి తిరుగులేదు. మేనేజరైనా మధ్యలో అడ్డురాడు. సన్యాసిరాజు కుర్చీలోంచి లేచాడు.

"తిరుమలరావ్, సార్జి తీసుకో బావా."

"సెప్పు బావా."

"ఓడ నిండుతున్నాది. బెల్టులు బాగున్నాయి. ఈ షిఫ్టులో ఒక తప్పు దొరికింది. వాన మొదలైన కాడినుంచీ జరుగుతన్నాది. నాను కొత్తదాని పేరు కొడతన్నాను. ఈ విండోకి అది తెలీక, పాతదేనా అని అడుగుతన్నాది. అడిగిన ప్రతిసారీ, సదవకుండా, వై కొట్టినాను. అది పాతదాన్ని నడిపింది. పోగ్రాం తప్పు కాదు. విండో తప్పూ కాదు, అది అడిగింది. నా వేలు తప్పు."

 జ్యోతిర్మయి "మావయ్యగారూ" అంది, గేటు లోపలని మరిచిపోయి.

తిరుమలరావు తల గోక్కున్నాడు. "ఒక్కడివీ ఎత్తుకుపోతావేటి బావా? నానూ కొట్టినాను వై. మన గదిలో కొట్టనోడెవడు?"

గుమ్మంలో ఎవరో నవ్వారు. గురునాథరావు నవ్వలేదు గాని, తెర దగ్గరకి వచ్చి, కుప్ప2 అని తనే కొట్టి చూశాడు. అంకెలు తిన్నగా దిగాయి. కావాలని అక్షరం తప్పు కొట్టి చూశాడు. విండో అడిగింది. ఆయన ఆ లైను పెదవులు కదుపుతూ మొత్తం చదివాడు.

"ఈ అడగడం తీసేయలేరా మేడం?"

"వద్దండి. వేళ్ళు తడబడినప్పుడు అదే కాపాడుతోంది. చదివి జవాబు చెబితే చాలండి. కొత్తది ఏది పెట్టినా ఆ ఒక్క మాట కొట్టి చూసి రమ్మనాలి, అంతే."

"మూడు షిఫ్టులకీ అది నేర్పేదెవరు?"

"నాను నేర్పుతాను సార్," అన్నాడు సన్యాసిరాజు. "తప్పు నేర్పింది కూడా మేమే కదా."

మేనేజరు ఆయన్ని ఒక క్షణం పరికించి చూశాడు. "కొత్తదే ఉంచండి," అని తల ఊపి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మావా కోడలూ గేటు దాకా వానలోనే నడిచారు. గొడుగు ఆ పిల్ల చేతిలో ఉంది, పొడుగు చాలక మాటిమాటికీ ఆయన తలకి తగులుతోంది.

"అంతమంది ముందు అలా చెప్పేశారేంటండి మావయ్యగారూ? మీ చేతి తప్పు ఇంతవరకూ లేదని ఎంత గొప్పగా చెప్పుకునేవారండి. నావల్ల అది కాస్తా పోయింది."

సన్యాసిరాజు గొడుగు అందుకుని ఆ పిల్ల వైపుకి వంచి పట్టుకున్నాడు.

"పోతే పోనీ తల్లీ. నా తప్పు పట్టుకునే మనిసి ఈ యార్డులోనే పుట్టనేదని సెప్పుకునేవోణ్ణి. ఇంకనుంచి, నా తప్పు పట్టుకునే మనిసి నా ఇంట్లోనే ఉన్నాదని సెప్పుకుంతాను."